చూస్తుండగా బొమ్మ మార్చరాదు

వస్తువు చెడిపోయినదా, దానిని నడిపే పద్ధతి చెడినదా అని తేల్చుకొనక ముందే తీర్పు చెప్పడం మన ఇండ్లలో పాత అలవాటు. నలుపు తెలుపు టెలివిజనుల కాలం చూచినవారికి ఇది బాగా తెలుసు. బొమ్మ నిలువక దొర్లుకొంటూ పోతుంటే, "పెట్టె పోయింది, ఇక రిపేరుకు వేయవలసిందే" అనేవారు ఒకరు. "ఎవరి దిష్టి తగిలిందో" అనేవారు మరొకరు. తెలిసినవారెవరో వచ్చి 'వర్టికల్ హోల్డు' అనే చిన్న మరను అరచుట్టు తిప్పితే బొమ్మ బుద్ధిగా నిలబడేది. పెట్టెలో ఏ లోపమూ లేదు. బొమ్మను పంపేవారి తాళమూ, చూపే పెట్టె తాళమూ కలియలేదు, అంతే.

ఆ మరలూ పోయినవి, ఆ పెట్టెలూ పోయినవి. తాళం తప్పే జబ్బు మాత్రం పోలేదు. ఈనాడు మన పిల్లలు కంప్యూటరు మీద ఆడే ఆటలలో అది వేరొక రూపున కనబడుతున్నది. దానికి 'స్క్రీన్ టేరింగ్' అని పేరు. తెర చిరగడం అన్నమాట. దానికి విరుగుడు 'వర్టికల్ సింక్', పిల్లల మాటలో 'వి-సింక్'. పిల్లల ఆటల గొడవ పెద్దలకెందుకని ఈ పుట తిప్పివేయకండి. ఈ చిన్న జబ్బు పుణ్యమా అని అక్కచెల్లెళ్ళ మధ్య మూడు వారాలు మాటలు నిలిచిపోయిన ఇల్లొకటి ఉన్నది. ఆ ఇల్లు మాదే.

మేము చెన్నైలో ఒక లారీ బుకింగు ఆఫీసులో గుమాస్తాలము. మా అబ్బాయి కాలేజీలో చేరినప్పటినుంచి కంప్యూటరు కావాలని పట్టుబట్టినాడు. కొత్తది మా జీతానికి అందదు. మా తోడల్లుడిగారి పెద్దబ్బాయి ఉద్యోగంలో చేరి కొత్తది కొనుక్కొంటూ, తన పాతదానిని 32,000 రూపాయలకు ఇస్తానన్నాడు. పెట్టె, 75 హెర్ట్జుల మానిటరు, ఎన్విడియావారి జీటీఎక్స్ 1660 గ్రాఫిక్స్ కార్డు, అన్నీ కలిపి. బయట ఆ వెలకు రాదు. అందులో 12,000 మా మామగారు తమ బ్యాంకి డిపాజిట్టు తీసి ఇచ్చినారు. కొనేవాడూ మనవడే, అమ్మేవాడూ మనవడే. ఆయనకు అదొక సంతోషం.

మా అబ్బాయికి ఇష్టమైన ఆట 'యూరో ట్రక్ సిమ్యులేటర్ 2' అనే లారీ ఆట. చెక్ దేశపు ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ 2012లో తెచ్చినది. యూరపులో ఒక ఊరినుంచి మరొక ఊరికి సరుకు చేరవేయడమే ఆట. కాల్పులు లేవు, నెత్తురు లేదు. పగలంతా మేము లారీ రసీదులు వ్రాస్తాము. రాత్రి మావాడు జర్మనీలో లారీ తోలుతాడు. ఇంటి వృత్తి నిలిచిందని మేము నవ్వుకొనేవారము.

ఆ నవ్వు మొదటి రాత్రితోనే సరి. కూడలిలో లారీ మలుపు తిరిగినప్పుడల్లా దారి పక్క దీపస్తంభం నడిమికి అడ్డంగా కొడవలితో కోసినట్టు తెగేది. పై ముక్క ఒకచోట, కింది ముక్క బెత్తెడు దూరాన. మరుక్షణం అతుక్కొనేది, మళ్ళీ తెగేది. తిన్నగా పోయేటప్పుడు అంతగా తెలిసేది కాదు. పక్కకు తిరిగితే చాలు, ఇండ్లు, చెట్లు, వంతెనలు అన్నీ అడ్డంగా చీలేవి. ఆట ఆపి ఉత్తరాలు, సినిమాలు చూస్తే ఏ లోపమూ లేదు.

పెట్టెను రిచ్చీ వీధిలో ఒక దుకాణానికి మోసుకొనిపోయినాము. దుకాణదారు అయిదు నిమిషాలు చూచి, "కార్డు ఆఖరి రోజుల్లో ఉంది సార్, మార్చవలసిందే" అని 24,000 రూపాయల లెక్క చెప్పినాడు. ఏ అమరికా తెరిచి చూడలేదు. ఇంటికి వచ్చేసరికి మా ఇంటావిడ ఫోనందుకొన్నది. "సొంత మనుషులని నమ్మి తీసుకొంటే ఇలాంటిదా కట్టబెట్టేది?" అని అక్కగారిని అడిగింది. "మావాడు నాలుగేళ్ళు కళ్ళకద్దుకొని వాడుకొన్న వస్తువు, మీ ఇంటికి రాగానే చెడిందంటే ఏమి చేసినారో మీరే చెప్పాలి" అని ఆవిడ ఫోను పెట్టివేసింది. వచ్చే నెలలో వారి అమ్మాయి నిశ్చితార్థం. పిలుపు వస్తుందా, వస్తే పోవడమా అనేదాకా వచ్చింది వ్యవహారం. మా మామగారు అటు కూతురింటికీ ఇటు కూతురింటికీ మధ్య నలిగిపోయినారు. ఇద్దరు మనవలలో ఒకడు దొంగ, ఒకడు అమాయకుడు అంటే ఏ తాతకు మనసొప్పుతుంది?

ఒకనాటి సాయంకాలం ఆయన కుర్చీ లాగుకొని మనవడి వెనుక కూర్చున్నారు. "ఏదిరా, తోలు చూద్దాం" అన్నారు. ఆయన ఒకప్పుడు తిరుత్తణి చుట్టుపక్కల టూరింగు టాకీసులో, తరువాత పట్టణంలోని సినిమా హాలులో ఆపరేటరు. పావుగంట చూచినారు. చూచి అన్నమాట ఇది: "ఒరే, రీలు మంచిదేరా. జనం చూస్తుండగా బొమ్మ మారుస్తున్నారు. చీకట్లో మార్చాలి."

సినిమా యంత్రం సంగతి తెలిసినవారికి ఆ మాట అర్థమవుతుంది. ఫిల్ము ఆగకుండా పారుతూ ఉంటుందని మనమనుకొంటాము. నిజానికి సెకండుకు 24 బొమ్మలు ఒక్కొక్కటే దీపం ముందుకు వచ్చి, కదలకుండా నిలబడి, తరువాత కిందికి లాగబడతాయి. లాగే ఆ క్షణంలో షట్టరు అనే రెక్క తిరిగివచ్చి దీపాన్ని మూసివేస్తుంది. హాలులో కూర్చున్న మనము సినిమా నడిచినంతసేపూ ఇంచుమించు సగం కాలం చీకటినే చూస్తాము, కంటికి తెలియదు. ఆ రెక్క కొంచెం తప్పిందా, బొమ్మ కదులుతుండగానే వెలుగు పడుతుంది. తెల్లని అక్షరాలకు తోకలు మొలుస్తాయి. "పేర్లు పడేటప్పుడు తోకలొస్తే ఫిల్ము పాతదని యజమానులు పెట్టెను తిప్పి పంపమనేవారు. నేను రెక్క సర్దేవాణ్ణి" అన్నారు మామగారు.

తోకలూ, చీలికలూ ఒకటి కావు. కాని రెండింటి మూలమూ ఒకటే. చూచేవాడు చూస్తుండగా బొమ్మ మారింది.

కంప్యూటరు తెరమీద బొమ్మ ఒక్కసారిగా పడదు. పై అంచున మొదలుపెట్టి, గీత తరువాత గీతగా కింది అంచుదాకా వ్రాసుకొంటూ పోతుంది. సామాన్యమైన తెరలో 1,080 గీతలు. 60 హెర్ట్జుల తెర అంటే ఈ పని సెకండుకు 60 మార్లు చేసేది. ఒక్కొక్క బొమ్మకు సుమారు 16.7 మిల్లీసెకండ్లు. మా అబ్బాయి తెరకు 75 మార్లు. లెక్క సులువు కోసం 60 అనే అనుకొందాము. గ్రాఫిక్స్ కార్డు దగ్గర రెండు పలకలుంటాయి. ఒక పలకమీది బొమ్మను తెర చదువుకొంటూ ఉంటుంది. రెండవ పలకమీద కార్డు తరువాతి బొమ్మను గీస్తూ ఉంటుంది. గీయడం ముగియగానే పలకలు తారుమారవుతాయి. తెర సగందాకా చదివినప్పుడు పలక మారిందనుకోండి. పై సగం పాత బొమ్మ, కింది సగం కొత్త బొమ్మ. ఈ లోపల లారీ కొంత తిరిగింది గనుక స్తంభం రెండు ముక్కలు. కార్డు తొందరపడి సెకండుకు 90 బొమ్మలు గీసినా ఇదే గతి, మెల్లగా 45 గీసినా ఇదే గతి. ఇద్దరు పనివాళ్ళూ గట్టివాళ్ళే. ఒకరికోసం ఒకరు ఆగరు.

మరి చీకటి ఎక్కడ? అదీ ఉన్నది. వెనకటి గాజుగొట్టపు టీవీలో కింది అంచుకు చేరిన ఎలక్ట్రాను కిరణం మళ్ళీ పై అంచుకు ఎక్కి రావడానికి కొంత వ్యవధి కావలసివచ్చేది. మన దేశపు టీవీ బొమ్మకు 625 గీతలని పేరేగాని కంటికి ఆనేవి 575 మాత్రమే. తక్కినవి ఆ ఎక్కిరావడంలోనే ఖర్చు. ఇప్పటి పలుచని తెరలలో కిరణమే లేదు. అయినా బొమ్మకూ బొమ్మకూ నడుమ ఆ విరామం అలాగే నిలిచి ఉన్నది. "విరామం వచ్చేదాకా పలక మార్చవద్దు" అని కార్డుకు ఆజ్ఞ ఇవ్వడమే వర్టికల్ సింక్. చీలిక అడ్డంగా వస్తుంటే మందుకు 'నిలువు' పేరేమిటని అడుగవచ్చు. పైనుంచి కిందికి సాగే నిలువు ప్రయాణం ముగిసేదాకా ఆగుతుంది గనుక ఆ పేరు.

తాతగారి మాట నిజమో కాదో తేల్చడానికి మాకు మా ఆఫీసు పద్ధతి ఒకటి తోచింది. లారీ సరుకు తేడా వచ్చినప్పుడు మేము మొట్టమొదట చేసే పని రసీదు కాపీలు రెండూ పక్కపక్కన పెట్టడం. ఆఫీసు కాపీలో సరిగా ఉండి, చేరినచోట తేడా ఉంటే తప్పు దారిలో జరిగింది. పంపినవాడి మీద నింద లేదు. కంప్యూటరులోనూ ఆఫీసు కాపీ ఉన్నది. దానిని 'స్క్రీన్‌షాట్' అంటారు. అది కార్డు గీసిన బొమ్మకే నకలు. తెరదాకా పోయి తెచ్చేది కాదు. లారీ మలుపు తిప్పుతూ పది స్క్రీన్‌షాట్లు తీయమన్నాము. అదే సమయంలో సెల్‌ఫోనుతో తెరను ఫొటోలు తీసినాము. ఫొటోలలో స్తంభాలు తెగి ఉన్నవి. స్క్రీన్‌షాట్లు పదింటిలోనూ ఒక్క స్తంభమైనా తెగలేదు. కార్డు జ్ఞాపకశక్తి చెడిపోయి ఉంటే రంగు మచ్చలో, పిచ్చి గళ్ళో నకలులోనే కనబడవలసింది. కార్డు నిర్దోషి. కార్డు నిర్దోషి అయితే అమ్మినవాడూ నిర్దోషే.

ఆ రాత్రే మా ఇంటావిడ అక్కగారికి ఫోను చేసింది. ఏమి మాట్లాడుకొన్నారో మేము వినలేదు. గంటసేపు మాట్లాడుకొన్నారు గనుక మంచిదే అనుకొన్నాము.

మా అబ్బాయి ఆట అమరికలలో వెదకి 'వర్టికల్ సింక్' అనే గడి ఖాళీగా ఉండడం చూచి టిక్కు పెట్టినాడు. చీలికలు మంత్రం వేసినట్టు మాయం. కాని అరగంటకే వాడి మొహం మళ్ళీ ముడుచుకొన్నది. చక్రం తిప్పితే లారీ కొంచెం ఆలోచించుకొని తిరుగుతున్నదట. వానలో పెద్ద పట్టణాలు దాటేటప్పుడు బండి కుదుపులతో నడుస్తున్నదట.

ఆగడానికి వెల ఉంటుంది. ఇది ఆ వెల. మా చెన్నై లోకలు రైలు ఎక్కేవారికి దీనిని వివరించనక్కరలేదు. బండి ఒక్క క్షణంలో తప్పినా తరువాతి బండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడవలసిందే. కార్డు 16.7 మిల్లీసెకండ్లలో బొమ్మ ముగిస్తే సరి. 17 పట్టిందా, ఆ బొమ్మ తరువాతి విరామందాకా కాచుకొంటుంది. పని ప్రతిసారీ అలాగే కొంచెం మించితే సెకండుకు 60 బొమ్మలు కాస్తా ఒక్కసారిగా 30 అవుతాయి. ఇంకా మించితే 20. నడుమ మెట్లు లేవు. మూడవ పలకను చేర్చి కార్డును ఊరక కూర్చోకుండా చేసే ఉపాయమొకటి ఉన్నది. దానిని 'ట్రిపుల్ బఫరింగ్' అంటారు. ఇక చేయి కదిపిన తరువాత తెర కదలడంలో ఆలస్యం వేరు. బొమ్మ తయారై కూడా వరుసలో నిలబడుతున్నది గదా! అందుకనే 'కౌంటర్ స్ట్రైక్' వంటి ఆటలలో పందేలకు ఆడేవారు చీలికలనైనా ఓర్చుకొంటారుగాని వి-సింక్ ముట్టరు. వారికి తెర అందం కన్నా చేతి వేగం ముఖ్యం.

ఆ ఆదివారం మా తోడల్లుడిగారి అబ్బాయి వచ్చినాడు. గొడవ సంగతి ఎత్తలేదు. "పిన్నీ, కాఫీ" అని వంటింటివైపు కేక వేసి, చేతి సంచిలోనుంచి ఒక తీగ తీసి బల్లమీద పెట్టినాడు. "బాబాయ్, మా ఇంట్లో ఇది ఎందుకు చీలలేదో ఇప్పుడు తెలిసింది. మీకిచ్చేముందు నా సొంత లెక్కలేమీ మిగలకూడదని అంతా తుడిచి, విండోస్ కొత్తగా వేసినాను. నేను పెట్టుకొన్న అమరికలు వాటితోనే పోయినాయి. ఈ తీగ కూడా నా కొత్తదానికి తగిలించుకొన్నాను" అన్నాడు. శుభ్రం చేసి ఇవ్వాలన్న మంచితనమే ఇంత పని చేసిందన్నమాట.

ఆ తీగ పేరు డిస్‌ప్లేపోర్టు. మేము వాడుతూ వచ్చినది హెచ్‌డీఎంఐ. తేడా ఏమిటో వాడు మాకు రైలు లెక్కలోనే చెప్పినాడు. "ఇంతవరకు ప్రయాణికుడు రైలుకోసం ఆగాడు బాబాయ్. ఇప్పుడు రైలే ప్రయాణికుడికోసం ఆగుతుంది." కార్డు బొమ్మ ముగించేదాకా తెరే విరామాన్ని పొడిగించుకొని కాచుకొంటుంది, బొమ్మ రాగానే పైనుంచి చదవడం మొదలుపెడుతుంది. చీలిక లేదు, అనవసరమైన నిరీక్షణా లేదు. ఎన్విడియావారు దీనిని జి-సింక్ అనే పేరుతో 2013 అక్టోబరులో ప్రకటించినారు. అందుకు మానిటరులో ప్రత్యేకమైన పరికరం అమర్చవలసి ఉండేది గనుక వెల హెచ్చు. 2014 జనవరిలో ఏఎండీవారు ఫ్రీసింక్ చూపించినారు. ఆ ఏడాది మే నెలలోనే తెరల ప్రమాణాలు నిర్ణయించే వీసా అనే సంస్థ ఈ పద్ధతిని 'అడాప్టివ్ సింక్' పేరుతో డిస్‌ప్లేపోర్టు ప్రమాణంలో చేర్చింది. 2015లో ఫ్రీసింక్ తెరలు బజారుకు వచ్చినవి. 2019 జనవరిలో ఎన్విడియావారు కూడా తమ కార్డులను అటువంటి తెరలతో కలిసి పనిచేయనిచ్చినారు. పోటీ కంపెనీలు రెండూ ఒక దారికి వచ్చేసరికి అయిదారేళ్ళు పట్టింది. మా ఇంటి అక్కచెల్లెళ్ళకు మూడు వారాలే పట్టినందుకు సంతోషించవలసిందే.

తీగ మార్చి, మానిటరు మెనూలో ఫ్రీసింక్ తెరిచి, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో జి-సింక్ గడికి టిక్కు పెట్టినారు ఇద్దరూ కలిసి. మా తెర 48నుంచి 75 హెర్ట్జులదాకా మాత్రమే ఇలా ఆగగలదు. అందుచేత కార్డు సెకండుకు 72 బొమ్మలు మించకుండా కట్టుబాటు పెట్టి, 48కి దిగిపోకుండా నీడలూ ప్రతిబింబాలూ ఒక మెట్టు తగ్గించినారు. వి-సింక్‌ను కూడా తీయకుండా వెనుక కాపలాగా ఉంచినారు. లారీ వానలో పట్టణం దాటింది. స్తంభాలు స్తంభాలుగానే నిలిచినవి. మా మామగారు చూచి, "ఇప్పుడు రెక్క కుదిరింది" అన్నారు. తీగ వెల ఇవ్వబోతే పిల్లవాడు పుచ్చుకోలేదు. నిశ్చితార్థానికి మేమంతా ఒకనాడు ముందుగానే పోయి పందిరి పనులు చూచినాము.

చదువరుల ఇండ్లలో ఆడే పిల్లలుంటే వారికి ఈ నాలుగు మాటలు చెప్పండి. తెర చీలితే మొదట స్క్రీన్‌షాట్ తీసి చూడాలి; అందులో బొమ్మ నిండుగా ఉంటే కార్డు జోలికి పోనక్కరలేదు. తరువాత మానిటరు వివరాలలో ఫ్రీసింక్, జి-సింక్, అడాప్టివ్ సింక్ అనే పేర్లలో ఏదైనా ఉన్నదేమో చూడాలి. ఉంటే దానిని తెరవాలి, దానికి తగిన తీగ పెట్టాలి, తెర హద్దుకు రెండు మూడు బొమ్మలు తక్కువగా కార్డుకు కట్టుబాటు పెట్టాలి. అది లేని తెర అయితే, లారీ ఆటలు, కథ ఆటలు నెమ్మదిగా ఆడేవారు వి-సింక్ పెట్టుకోవచ్చు. కార్డు అందుకోలేకపోతే ఆట అందాన్ని ఒక మెట్టు తగ్గించాలి. క్షణంలో చేయి తిప్పవలసిన ఆటలవారు వి-సింక్ తీసివేసి చీలికతో సరిపెట్టుకోవాలి. ఏ అమరికా ఉచితంగా రాదు. దేనికి ఎంత ఇవ్వగలమో చూచుకోవడమే తెలివి.

పాత వస్తువు ఇచ్చేవారికీ ఒక మనవి. వస్తువుతోపాటు దాని అమరికలు ఒక కాగితం మీద వ్రాసి ఇవ్వండి. ఏ తీగ, ఏ గడి, ఏ అంకె అని నాలుగు పంక్తులు చాలు. మా ఆఫీసులో రసీదు లేని సరుకు గేటు దాటదు. ఇండ్ల మధ్య చేతులు మారే సరుకుకూ ఆ నియమం పెట్టుకొంటే, చూడవలసిన గడి ముందుగా చూస్తాము. మనిషిని అనుమానించే పని పడదు.